ఆర్² 0.9997 వచ్చినా రికవరీ ఎందుకు తప్పుతుంది: కాంబినేషన్ టాబ్లెట్ల హెచ్‌పీఎల్‌సీ క్యాలిబ్రేషన్ గురించి

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ రాస్తాను. విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలో క్యూసీలో (నాణ్యత పరీక్షల విభాగంలో) పనిచేస్తున్నారు. టెల్మిసార్టాన్ 40, అమ్లోడిపిన్ 5, హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 మి.గ్రా. ఉన్న టాబ్లెట్‌కి హెచ్‌పీఎల్‌సీ (ద్రావణంలోని మందుల్ని కాలమ్‌లో విడదీసి కొలిచే యంత్రం) మీద ఎస్సే పద్ధతి, అంటే ఒక్కో మందు ఎంతుందో కొలిచే పద్ధతి, వ్యాలిడేట్ చేస్తున్నారు. మూడు మందులూ కలిపిన స్టాండర్డ్‌తో 50 నుంచి 150 శాతం దాకా ఐదు లెవెల్స్ పెట్టారు, మూడింటికీ ఆర్² (ఏరియాల మార్పుని రేఖ ఎంత మేరకు వివరిస్తుందో చెప్పే అంకె) 0.999 దాటింది. రోజువారీ లెక్క మాత్రం 100 శాతం స్టాండర్డ్ ఒక్కదానితోనే కడుతున్నారు. టెల్మిసార్టాన్ రికవరీ (వేసిన మందులో పద్ధతి తిరిగి చూపించే శాతం) 80 శాతం దగ్గర 101 పైన, 120 శాతం దగ్గర 99 లోపు వస్తోంది. ఇదే పద్ధతిని 80/5/12.5 బలానికి వాడితే అమ్లోడిపిన్ దాదాపు 2 శాతం ఎక్కువ చూపిస్తోంది. వెయిటెడ్ రిగ్రెషన్ (కొన్ని బిందువులకి ఎక్కువ ప్రాధాన్యమిచ్చే రేఖ లెక్క) పెట్టాలా, లేక పేపర్లలో కనిపిస్తున్న పీఎల్‌ఎస్ లాంటి కీమోమెట్రిక్స్‌కి (కలిసిపోయిన సంకేతాల్ని గణితంతో విడదీసే పద్ధతులకి) వెళ్లాలా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే మీ సమస్యకి ఆ రెండూ మందు కాదు. మీవి రెండు వేర్వేరు సమస్యలు. టెల్మిసార్టాన్ రేఖ నిజానికి రేఖ కాదు, పైన కొద్దిగా వంగుతోంది. ఆర్² దాన్ని దాచేస్తోంది. అమ్లోడిపిన్ విషయంలో టెల్మిసార్టాన్ పీక్ (గ్రాఫ్‌లో ఆ మందు లేపే గుట్ట) నుంచి కొంత ఏరియా అమ్లోడిపిన్ బయటికొచ్చే సమయపు కిటికీలోకి వస్తోందని నా గట్టి అనుమానం. మూడు మందుల్నీ ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో కలిపి పెంచుతూ తగ్గిస్తూ ఉండటం వల్ల అది మీ లీనియారిటీలోనూ బయటపడలేదు, రికవరీలోనూ బయటపడలేదు. రెండింటినీ తేల్చుకునే పరీక్షలున్నాయి, ఎక్కువ ఖర్చు కూడా కాదు.

ముందు టెల్మిసార్టాన్. ఉదాహరణ కోసం కొన్ని అంకెలు వేసుకుందాం. ఒక టాబ్లెట్‌కి సమానమైన పొడిని 100 మి.లీ.లో కరిగించి, అందులో 5 మి.లీ.ని 25 మి.లీ. చేస్తే టెల్మిసార్టాన్ మి.లీ.కి 80 మైక్రోగ్రాములు, అమ్లోడిపిన్ 10, హైడ్రోక్లోరోథయాజైడ్ 25 అవుతాయి. టెల్మిసార్టాన్ లెవెల్స్ 40, 64, 80, 96, 120. ఏరియాలు వరుసగా 975, 1536, 1900, 2256, 2775 అనుకోండి. వీటికి మామూలు లీనియర్ రిగ్రెషన్ కడితే స్లోప్ (వాలు) 22.5, ఇంటర్‌సెప్ట్ (గాఢత సున్నా దగ్గర రేఖ చూపే ఏరియా) 88.4, ఆర్² 0.9997 వస్తాయి. రిపోర్టులో ఈ అంకె చూసి ఎవరూ ప్రశ్నించరు.

ఇప్పుడు రెసిడ్యువల్స్ చూడండి, అంటే అసలు ఏరియాలోంచి రేఖ చెప్పే ఏరియాని తీసేస్తే మిగిలేది:

40 దగ్గర మైనస్ 13.4
64 దగ్గర ప్లస్ 7.6
80 దగ్గర ప్లస్ 11.6
96 దగ్గర ప్లస్ 7.6
120 దగ్గర మైనస్ 13.4

రెండు కొసలూ కిందికి, నడుమ పైకి. ఇంజెక్షన్‌లోనో తూకంలోనో వచ్చే చెదురుమదురు తప్పు ఇలా విల్లులా అమరదు. ఇది వంపు. ఈ అంకెల్ని నేను స్వచ్ఛమైన వంపు సమీకరణం (25 రెట్ల గాఢతలోంచి, గాఢత వర్గానికి 0.015625 రెట్లు తీసివేత) నుంచే తయారుచేశాను, ఇందులో యాదృచ్ఛిక దోషం ఇసుమంత కూడా లేదు. అయినా ఆర్² 0.9997. రేఖకి రెండు కొసల మధ్య దూరం ఎక్కువైతే చాలు, ఆర్² పెద్దగానే వస్తుంది. బిందువులు రేఖ మీదే ఉన్నాయా, వంపు మీద ఉన్నాయా అన్నది అది చెప్పదు.

ఇక్కడి నుంచి మీ రికవరీకి వద్దాం. 100 శాతం స్టాండర్డ్ ఒక్కటే వాడితే ఒక మైక్రోగ్రాముకి 1900/80 = 23.75. దానితో 64 లెవెల్‌ని లెక్కకడితే 1536/23.75 = 64.67, అంటే 101.1 శాతం. 96 లెవెల్‌కి 2256/23.75 = 94.99, అంటే 98.9 శాతం. మీరు చెప్పిన లక్షణం అచ్చంగా ఇదే. 50 శాతం దగ్గర 102.6, 150 శాతం దగ్గర 97.4 వస్తాయి.

ఐదు బిందువుల రేఖతో లెక్కకడితే 80, 120 శాతం రెండూ 100.5కి అటూ ఇటుగా వచ్చి సరిపోయినట్టు కనిపిస్తాయి, 50 శాతం ఒక్కటే 98.5కి పడుతుంది. అందుకే చాలామంది "సింగిల్ పాయింట్ మానేసి రేఖ వాడదాం" అని అక్కడితో వదిలేస్తారు. అలా చేయకండి. డిటెక్టర్ లాంప్ పాతబడినా, మెషీన్ మారినా ఆ వంపు మారుతుంది.

ఇంటర్‌సెప్ట్‌ని కూడా వదలకండి. పై అంకెల్లో ఇంటర్‌సెప్ట్ 88.4 అంటే 100 శాతం ఏరియాలో 4.7 శాతం. ఎస్సేకి ఇది 2 శాతం లోపు ఉండాలన్నది చాలా ల్యాబ్‌లు పెట్టుకునే హద్దు. ఎక్సెల్‌లో లైన్‌ఎస్ట్ ఫంక్షన్‌కి నాలుగో ఆర్గ్యుమెంట్ ట్రూ అని ఇస్తే ఇంటర్‌సెప్ట్ స్టాండర్డ్ ఎర్రర్ కూడా ఇస్తుంది. ఇక్కడ అది 19.8. ఐదు బిందువులకి ఫ్రీడమ్ డిగ్రీలు 3, టి విలువ 3.182. అంటే 95 శాతం హద్దులు సుమారు 25 నుంచి 151. సున్నా అందులో లేదు. ఇంటర్‌సెప్ట్ సున్నా కానప్పుడు సింగిల్ పాయింట్ స్టాండర్డ్ వాడే హక్కు మనకి లేదు, ఎందుకంటే ఆ లెక్క మొత్తం రేఖ మూలబిందువు గుండా పోతుందన్న నమ్మకం మీదే నిలబడింది.

కొందరు ఇంటర్‌సెప్ట్‌ని బలవంతంగా సున్నా చేసి "ఆర్² ఇంకా పెరిగింది" అని చూపిస్తారు. లైన్‌ఎస్ట్‌లో ఇంటర్‌సెప్ట్ తీసేస్తే ఆర్²ని సగటు నుంచి కాకుండా సున్నా నుంచి లెక్కిస్తుంది, అందుకే పెరుగుతుంది. ఆ రెండు ఆర్²లనీ పక్కపక్కన పెట్టి పోల్చడమే తప్పు.

ఇది కొత్త నియమమేమీ కాదు. ఐసీహెచ్ (మందుల నియమాల్ని దేశాల మధ్య ఏకం చేసే సంస్థ) వ్యాలిడేషన్ మార్గదర్శకం క్యూ2(ఆర్1) కోరిలేషన్ కోఎఫిషియంట్‌తో పాటు ఇంటర్‌సెప్ట్, స్లోప్, రెసిడ్యువల్ సమ్ ఆఫ్ స్క్వేర్స్, గ్రాఫ్ అన్నీ ఇమ్మనే అడిగింది. మనవాళ్లు మొదటిది ఒక్కటే అతికించి మిగతావి అటకెక్కించారు. 2023 నవంబర్‌లో ఆమోదం పొందిన క్యూ2(ఆర్2) వచ్చాక అలా చేసి తప్పించుకోవడం ఇంకా కష్టం.

వంపు ఎక్కడి నుంచి వస్తోంది? దీనికి రెండు కారణాలు ఎక్కువగా చూస్తాం, రెండింటికీ విరుగుడు వేరు. ఒకటి డిటెక్టర్. టెల్మిసార్టాన్‌కి 296 నానోమీటర్ల దగ్గర బలమైన శోషణ ఉంది, 230 చుట్టూ కూడా తక్కువేం కాదు. అమ్లోడిపిన్ కోసం 237 దగ్గర పెడితే మూడింటిలో ఎక్కువ గాఢత ఉన్న టెల్మిసార్టాన్ పీక్ ఎత్తు హద్దు దాటే ప్రమాదం ఉంది. చూడాల్సింది ఏరియాని కాదు, పీక్ ఎత్తుని. 150 శాతం లెవెల్‌లో కూడా 1000 మిల్లీ ఏయూ (శోషణ యూనిట్లు) లోపు ఉంచండి. బ్రోషర్‌లో 2 ఏయూ దాకా లీనియర్ అని ఉన్నా, మొబైల్ ఫేజ్ (కాలమ్ గుండా పారే ద్రావకం) తానే కొంత శోషించుకుంటుంది, ఆ మేరకు మీకు మిగిలే జాగా తగ్గిపోతుంది.

రెండోది కరగకపోవడం. టెల్మిసార్టాన్ గట్టి ఆమ్లంలోనూ గట్టి క్షారంలోనూ కరుగుతుంది, నడిమి పీహెచ్‌లో దాదాపు కరగదు. మిథనాల్‌లో చేసిన స్టాక్‌ని బఫర్ ఎక్కువున్న డైల్యూయెంట్‌తో పలుచన చేస్తే పై లెవెల్స్‌లో కొంత మందు సన్నని రేణువులుగా విడిపోతుంది. కంటికి కనపడకపోవచ్చు, ఫిల్టర్‌లో ఆగిపోతుంది. పై బిందువు కిందికి జారుతుంది, వంపు వస్తుంది. క్షారం కలిపితే బాగా కరుగుతుంది కదా అని 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ వాడేవాళ్లున్నారు. ఈ మూడు మందుల టాబ్లెట్‌కి అది పనికిరాదు: హైడ్రోక్లోరోథయాజైడ్ క్షారంలో జలవిశ్లేషణ చెంది డైసల్ఫోనమైడ్‌గా మారుతుంది, ఫార్మాల్డిహైడ్ విడుదలవుతుంది. ఆటోశాంప్లర్‌లో ఆరు గంటలు కూర్చున్న వయల్‌కీ ఉదయం పెట్టిన వయల్‌కీ తేడా వచ్చేస్తుంది.

రెండింటిలో ఏదో తేల్చడానికి అరగంట పరీక్ష చాలు. 150 శాతం వయల్‌నే 10 మైక్రోలీటర్లు ఒకసారి, 5 మైక్రోలీటర్లు ఒకసారి ఇంజెక్ట్ చేయండి. 5 మైక్రోలీటర్ల ఏరియాని రెట్టింపు చేస్తే 10 మైక్రోలీటర్ల ఏరియా కంటే స్పష్టంగా ఎక్కువ వచ్చిందంటే డిటెక్టర్ నిండిపోతోంది. సరిగ్గా రెట్టింపుకి సరిపోయిందంటే డిటెక్టర్‌ది తప్పు కాదు, వయల్‌లోనే మందు తక్కువుంది: కరగలేదు, ఫిల్టర్ పట్టుకుంది, లేదా పలుచన చేయడంలో తేడా వచ్చింది. ఆటోశాంప్లర్ 5 మైక్రోలీటర్లని నమ్మకంగా తీసుకుంటుందో లేదో ముందే 50 శాతం వయల్‌తో ఇలాగే చూసుకోండి, అక్కడ రెట్టింపు కచ్చితంగా రావాలి.

డిటెక్టర్‌దే తప్పయితే ఇంజెక్షన్ వాల్యూమ్ తగ్గించడం అన్నిటికన్నా తేలిక. అమ్లోడిపిన్ పీక్ మరీ చిన్నదైపోతే డీఏడీలో (ఒకేసారి చాలా వేవ్‌లెంగ్త్‌లు చూసే డిటెక్టర్‌లో) రెండు వేవ్‌లెంగ్త్‌లు పెట్టుకోండి: అమ్లోడిపిన్‌కి 237, టెల్మిసార్టాన్‌కి దాని స్పెక్ట్రమ్‌లో శోషణ తక్కువగా ఉండి, గ్రాఫ్ చదునుగా ఉన్న చోటు. నిటారుగా పడిపోయే చోటు ఎంచుకోకండి, బ్యాండ్‌విడ్త్ వల్ల అక్కడ మళ్లీ వంపే వస్తుంది. నిష్పత్తి మరీ ఎక్కువైతే రెండు పలుచనలు చేయడమే మంచిది. గ్లిమెపిరైడ్ 1, మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. టాబ్లెట్‌ని ఒకే ఇంజెక్షన్‌లో తేల్చాలని పట్టుబట్టడం వల్ల పోయే సమయం, రెండో పలుచన చేసుకోవడానికి పట్టే సమయం కంటే చాలా ఎక్కువ.

ఇప్పుడు అమ్లోడిపిన్. దీన్ని కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే కాంబినేషన్ టాబ్లెట్లకి మాత్రమే ఉండే తప్పు ఇదే, వ్యాలిడేషన్ ప్రోటోకాల్స్‌లో దీన్ని పట్టుకునే అంశం చాలాసార్లు ఉండదు.

మీ మిక్స్‌డ్ స్టాండర్డ్‌లో 50 శాతం అంటే మూడూ 50, 150 అంటే మూడూ 150. టెల్మిసార్టాన్ పీక్ ముందరి అంచు నుంచి దాని ఏరియాలో 0.2 శాతం అమ్లోడిపిన్ పీక్ కింద పడుతోందనుకోండి. 80 మైక్రోగ్రాముల దగ్గర అది 1900లో 0.2 శాతం, అంటే 3.8. అమ్లోడిపిన్ సొంత ఏరియా 200 అయితే కనిపించేది 203.8. 50 శాతం లెవెల్‌లో ఈ అదనం సగమవుతుంది, 150లో ఒకటిన్నర రెట్లవుతుంది. అంటే అమ్లోడిపిన్‌తో కలిసి అదే పాళ్లలో నడుస్తుంది. ఇంటర్‌సెప్ట్ సున్నాగానే ఉంటుంది, రెసిడ్యువల్స్ చక్కగా ఉంటాయి, స్లోప్ మాత్రం 1.9 శాతం ఉబ్బుతుంది. సాంపిల్ కూడా 40/5/12.5 నిష్పత్తిలోనే ఉంటే అక్కడా అంతే ఉబ్బు, రెండూ కొట్టుకుపోయి 100 శాతం వస్తుంది. రికవరీకి ప్లాసిబోలో (మందులు లేని టాబ్లెట్ పొడిలో) మూడింటినీ కలిపి 80, 100, 120 శాతం వేస్తారు కాబట్టి అదీ పాస్. అక్కాచెల్లెళ్లిద్దరూ ఎప్పుడూ కలిసే తూకమెక్కితే ఎవరి బరువెంతో ఏ తూకమూ చెప్పలేదు.

80 మి.గ్రా. బలానికి వచ్చేసరికి, అమ్లోడిపిన్‌ని అదే 10 మైక్రోగ్రాముల దగ్గర ఉంచితే టెల్మిసార్టాన్ 160 అవుతుంది. కారే ఏరియా 7.6. కనిపించేది 207.6. దాన్ని 203.8తో భాగిస్తే 101.9 శాతం. మీరు రాసిన 2 శాతం ఇలా వచ్చి ఉండటానికి అవకాశం చాలా ఎక్కువ. పైగా 160 మైక్రోగ్రాములు మీ లీనియారిటీ పరిధి 120ని దాటేసింది, ఆ బలానికి టెల్మిసార్టాన్ ఫలితాన్ని కూడా నమ్మడానికి లేదు.

ముందు చూపుతో తేలే పని ఒకటి చేయండి: టెల్మిసార్టాన్ ఒక్కదాన్నే 160 మైక్రోగ్రాముల దగ్గర ఇంజెక్ట్ చేసి, అమ్లోడిపిన్ వచ్చే సమయంలో బేస్‌లైన్‌ని బాగా పెద్దది చేసి చూడండి. అంచు లేస్తోందా, లేక అక్కడ చిన్న ఇంప్యూరిటీ పీక్ ఉందా అన్నది కనిపిస్తుంది. పీక్ ప్యూరిటీ (పీక్‌లో ఒకే పదార్థముందా అని డిటెక్టర్ చూసే పరీక్ష) పాస్ అయిందన్న ధీమా వద్దు, ఇంత తక్కువ పాలు కలిసినప్పుడు దానికి దొరకదు.

తర్వాత దాన్ని అంకెల్లో తేల్చడానికి తొమ్మిది ద్రావణాలు చాలు. విడివిడిగా మూడు స్టాక్‌లు చేసుకోండి: టెల్మిసార్టాన్ మి.లీ.కి 800, అమ్లోడిపిన్ 100, హైడ్రోక్లోరోథయాజైడ్ 250 మైక్రోగ్రాములు. 50 మి.లీ. ఫ్లాస్క్‌లోకి ఒక్కోదాన్నుంచి 4, 5, 6 మి.లీ. బల్బ్ పిపెట్లతో తీస్తే 80, 100, 120 శాతం అవుతాయి. గ్రాడ్యుయేటెడ్ పిపెట్ వాడకండి. వరుస ఇలా (టెల్మిసార్టాన్, అమ్లోడిపిన్, హైడ్రోక్లోరోథయాజైడ్ మి.లీ.లు):

1) 4, 4, 4
2) 4, 5, 5
3) 4, 6, 6
4) 5, 4, 5
5) 5, 5, 6
6) 5, 6, 4
7) 6, 4, 6
8) 6, 5, 4
9) 6, 6, 5

ఇది పాత ఎల్9 ఆర్థోగోనల్ అమరికలోని మూడు నిలువు వరుసలే. ఏ రెండు మందుల గాఢతలు తీసుకున్నా వాటి మధ్య కోరిలేషన్ సున్నా. ఇంజెక్షన్ల వరుసని మాత్రం కలగాపులగం చేయండి, లేకపోతే పొద్దున్నుంచి సాయంత్రానికి వచ్చే డ్రిఫ్ట్ వెళ్లి టెల్మిసార్టాన్ ఖాతాలో పడుతుంది.

ఫలితాలొచ్చాక అమ్లోడిపిన్ ఏరియాని మూడు గాఢతల మీదా ఒకేసారి రిగ్రెస్ చేయండి. లైన్‌ఎస్ట్‌కి మూడు నిలువు వరుసలిస్తే చాలు. తొమ్మిది బిందువులు, నాలుగు కోఎఫిషియంట్లు, మిగిలే ఫ్రీడమ్ డిగ్రీలు 5, టి విలువ 2.571. టెల్మిసార్టాన్ కోఎఫిషియంట్ హద్దుల్లో సున్నా ఉందా లేదా చూడండి. హద్దులు మరీ వెడల్పుగా ఉంటే సున్నా ఉన్నా అర్థం లేదు. అందుకని ఆ కోఎఫిషియంట్ పై హద్దుని 80తో గుణించి, 100 శాతం దగ్గరి అమ్లోడిపిన్ ఏరియాతో భాగించి, శాతంగా చెప్పుకోండి. 0.5 శాతం లోపుంటే ఎస్సేకి ఇబ్బంది లేదు. ఒకటి దాటితే క్రోమటోగ్రఫీ సరిచేయాలి. మిగతా రెండు పీక్‌లకీ ఇదే లెక్క కట్టండి. అమ్లోడిపిన్ బెసిలేట్ లవణ రూపంలో ఉంటుంది కాబట్టి బెంజీన్ సల్ఫోనిక్ ఆమ్లం పీక్ మొదట్లోనే వచ్చేస్తుంది. హైడ్రోక్లోరోథయాజైడ్ మరీ త్వరగా వచ్చే పద్ధతుల్లో ఆ రెండూ రాసుకుంటాయి. అప్పుడు హైడ్రోక్లోరోథయాజైడ్ రిగ్రెషన్‌లో అమ్లోడిపిన్ కోఎఫిషియంట్ బయటపడుతుంది.

అంచు లేవడానికి ఎక్కువసార్లు కారణం డైల్యూయెంట్‌లో మిథనాల్ పాలు మొబైల్ ఫేజ్ కంటే బాగా ఎక్కువ ఉండటం. చివరి పలుచనని మొబైల్ ఫేజ్‌కి దగ్గరగా చేస్తే పీక్ సర్దుకుంటుంది, కానీ పైన చెప్పిన కరగకపోవడం అడ్డొస్తుంది. ఇంజెక్షన్ వాల్యూమ్ తగ్గిస్తే రెండు బాధలూ తప్పుతాయి, అందుకే నేను ముందు దాన్నే మార్చమంటాను. తర్వాతే పీహెచ్ జోలికి వెళ్లండి. టెల్మిసార్టాన్ ఆమ్ల సమూహం పీకేఏ 4.5 ప్రాంతంలో ఉంది, ఆ చుట్టుపక్కల బఫర్ పెట్టుకుంటే 0.1 తేడాకే రిటెన్షన్ (మందు కాలమ్‌లోంచి బయటికొచ్చే సమయం) కదులుతుంది.

వెయిటెడ్ రిగ్రెషన్ ఎప్పుడు? గాఢతతో పాటు ఏరియాల చెదురు కూడా పెరుగుతున్నప్పుడు. 50 నుంచి 150 శాతం ఎస్సే పరిధిలో పై కొసకీ కింది కొసకీ మూడు రెట్లే తేడా, అక్కడ వెయిట్ పెట్టినా పెట్టకపోయినా జవాబు మారదు. వంపుని వెయిట్ సరిచేయదు. ఇంప్యూరిటీలకి ఎల్‌ఓక్యూ (నమ్మకంగా కొలవగల కనీస గాఢత) నుంచి 120 శాతం దాకా, ప్లాస్మాలో వెయ్యి రెట్ల పరిధి దాకా వెళ్లినప్పుడు వెయిట్ లేకపోతే పై బిందువే రేఖని లాగేస్తుంది, కింది లెవెల్ 30 శాతం తప్పినా ఆర్²లో తెలియదు. అప్పుడు ఒకటి బై ఎక్స్, ఒకటి బై ఎక్స్² రెండూ వేసి, ప్రతి లెవెల్‌నీ వెనక్కి లెక్కకట్టి, శాతం దోషాల మొత్తం (ప్లస్ మైనస్ గుర్తులు వదిలేసి) ఏది తక్కువిస్తే దాన్ని తీసుకోండి. రెండూ దాదాపు సమానమైతే తేలికైనదే మంచిది. ఎల్‌ఓడీ (గుర్తించగల కనీస గాఢత), ఎల్‌ఓక్యూలని 3.3, 10 సూత్రాలతో కట్టేటప్పుడు కూడా ఎస్సే రేఖ సిగ్మా వాడకండి. ఎల్‌ఓక్యూ చుట్టుపక్కలే వేరే చిన్న రేఖ వేసి అందులోంచి తీసుకోవాలి.

లాక్ ఆఫ్ ఫిట్ పరీక్ష (బిందువులకి రేఖ నిజంగా సరిపోతుందా అని చూసేది) గురించి ఒక హెచ్చరిక. ఐదు లెవెల్స్, ఒక్కోదానికి మూడు చొప్పున పదిహేను బిందువులైతే, ఎఫ్ విలువని 3, 10 ఫ్రీడమ్ డిగ్రీల దగ్గర 3.71తో పోలుస్తాం. ఆ మూడూ విడివిడిగా తయారుచేసిన ద్రావణాలై ఉండాలి. ఒకే వయల్‌ని మూడుసార్లు ఇంజెక్ట్ చేసి మూడు రెప్లికేట్లు అంటే, హారంలో మిగిలేది ఆటోశాంప్లర్ తప్పు ఒక్కటే. ఆధునిక మెషీన్లలో అది చాలా చిన్నది. అప్పుడు పిపెట్‌లో వచ్చే 0.3 శాతం తేడా కూడా "రేఖ కాదు" అని తేల్చేస్తుంది, మంచి పద్ధతి అకారణంగా ఫెయిల్ అవుతుంది.

తూకం, తేమ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే క్యాలిబ్రేషన్‌లో అడ్డు అక్షం మీది అంకెకి తప్పే లేదని రిగ్రెషన్ నమ్ముతుంది. 0.01 మి.గ్రా. చదివే తూకంలో, రిపీటబిలిటీ ఎంత బాగున్నా, యూఎస్‌పీ (అమెరికా మందుల ప్రమాణ గ్రంథం) 41వ అధ్యాయం లెక్క ప్రకారం కనీస తూకం 8.2 మి.గ్రా. కంటే తగ్గదు. 5 మి.గ్రా. అమ్లోడిపిన్ అంటే 6.93 మి.గ్రా. బెసిలేట్, నేరుగా తూచడానికి లేదు. 34.67 మి.గ్రా. బెసిలేట్‌ని 250 మి.లీ. చేస్తే పైన చెప్పిన 100 మైక్రోగ్రాముల స్టాక్ వస్తుంది; పొటెన్సీ, తేమ దిద్దుబాటు మామూలే. స్టాక్‌లని రెండుసార్లు స్వతంత్రంగా తూచి చేసుకుని, రెండింటి రెస్పాన్స్ ఫ్యాక్టర్లు సరిపోల్చండి. ఐదు లెవెల్సూ ఒకే స్టాక్ నుంచి పుడితే, తూకంలో వచ్చిన 2 శాతం తప్పు రేఖని ఎక్కడా వంచదు, దాని స్లోప్‌ని మొత్తంగా మార్చేస్తుంది. ఆ తప్పు ఏ గ్రాఫ్‌లోనూ కనపడదు. అమ్లోడిపిన్‌కి వెలుతురు పడదు, అంబర్ ఫ్లాస్క్‌లే వాడాలి.

టెల్మిసార్టాన్ టాబ్లెట్లు తేమ లాక్కుంటాయి, అందుకే మింగేముందు తప్ప బ్లిస్టర్ తీయొద్దని వాటి మీద రాస్తారు. మన విశాఖ తీరం గాలిలో, అందులోనూ వానాకాలంలో, ఇరవై టాబ్లెట్లు నూరి పొడిని తూకం బోటు (చిన్న పళ్లెం) మీద వదిలేసి వేరే పనికి వెళ్తే, తిరిగొచ్చి తూచేసరికి అదే బరువులో మందు తక్కువ, నీళ్లు ఎక్కువ. మూడు మందులూ ఒకే పాళ్లలో తక్కువ వస్తే ముందు దీన్ని అనుమానించండి. తూకం గది తేమ రీడింగ్ చూసి, నూరిన వెంటనే మూత బిగించి, ఆరు తూకాలూ ఒక్క ఊపులో ముగించాలి. ఫిల్టర్‌లో మొదటి 5 మి.లీ. పారబోయండి. నైలాన్ వాడుతుంటే ఒకసారి సెంట్రిఫ్యూజ్ చేసిన ద్రావణంతో పోల్చి చూడండి.

ప్లాసిబో ప్రభావం స్టాండర్డ్ రేఖలో ఎప్పుడూ కనపడదు. ప్లాసిబోలో మందులు కలిపి అవే ఐదు లెవెల్స్‌తో రెండో రేఖ వేయండి. రెండు స్లోప్‌లు వేరైతే వెలికితీత చాలట్లేదు, లేదా ఏదో పట్టుకుంటోంది. స్లోప్‌లు ఒకటే అయ్యి ఇంటర్‌సెప్ట్ మాత్రం పైకి లేస్తే ప్లాసిబోలోంచి ఏదో ఆ పీక్ కింద వస్తోంది. ఈసారి రికవరీకి మూడింటినీ ఒకే పాళ్లలో కాకుండా, పై తొమ్మిదింటిలో కనీసం 3, 7, 8 కలయికల్ని ప్లాసిబోతో చేయండి.

ఇక కీమోమెట్రిక్స్. పీఎల్‌ఎస్, పీసీఆర్ (ఇదీ అలాంటి రిగ్రెషనే) మంచి పనిముట్లే. పీక్‌లు విడగొట్టడం నిజంగా కుదరనప్పుడు, లేదా కాలమ్ లేకుండా యూవీ స్పెక్ట్రమ్‌తోనే వేగంగా చూడాలనుకున్నప్పుడు పనికొస్తాయి. మీకు రిజల్యూషన్ (పీక్‌ల మధ్య ఎడం) 1.5 సాధించే దారి తెరిచి ఉంది, అలాంటప్పుడు గణితంతో విడదీయడం ఎందుకు? క్యూ2(ఆర్2) మల్టీవేరియేట్ క్యాలిబ్రేషన్‌ని గుర్తించింది కాబట్టి నిషేధమేమీ లేదు, కానీ మోడల్‌ని బతికున్నంత కాలం సంరక్షించాలి: ఎక్సిపియంట్ (టాబ్లెట్‌లో మందు కాని పదార్థం) సరఫరాదారు మారితే మళ్లీ చూడాలి, లాంప్ మారితే మళ్లీ చూడాలి. డీఏడీ డేటాతో ఎంసీఆర్-ఏఎల్‌ఎస్ (కలిసిన పీక్‌లని గణితంతో విడదీసే పద్ధతి) లాంటివి చేసేవాళ్లకి రిటెన్షన్ అటూ ఇటూ కదలడమే పెద్ద తలనొప్పి.

ఒకవేళ చేస్తే మూడు విషయాలు పట్టుకోండి. క్యాలిబ్రేషన్ మిశ్రమాల్లో గాఢతల మధ్య కోరిలేషన్ ఉండకూడదు, పైన చెప్పిన కారణమే ఇక్కడ ఇంకా గట్టిగా వర్తిస్తుంది. ఐదు లెవెల్స్, ఇరవై ఐదు మిశ్రమాల అమరికని ఎక్కువగా వాడతారు. లేటెంట్ వేరియబుల్స్ (మోడల్ లోపల వాడే దాగిన చరాలు) ఎన్నో క్రాస్ వ్యాలిడేషన్‌తో ఎంచుకోండి. మూడు మందులకి మూడు, నాలుగు దాటి ఏడెనిమిది అడుగుతోందంటే నాయిస్‌కి మోడల్ కడుతున్నట్టే. అంచనా దోషాన్ని మోడల్ చూడని వేరే మిశ్రమాలతో, అవీ వేరే రోజు చేసినవాటితో చెప్పాలి. క్యాలిబ్రేషన్ సెట్ మీదే లెక్కకట్టి "0.9999" అని రాసిన పేపర్లు చాలా ఉన్నాయి, వాటిని చూసి మీ పద్ధతి మార్చుకోకండి.

అన్నీ సరిచేశాక ఇంటర్‌సెప్ట్ 2 శాతం లోపుకి, రెసిడ్యువల్స్ చెల్లాచెదురుగా వస్తే, రోజువారీకి సింగిల్ పాయింట్ నిశ్చింతగా వాడండి. ఆరు స్టాండర్డ్ ఇంజెక్షన్ల ఆర్‌ఎస్‌డీ (సగటులో శాతంగా చెదురు) 2.0 లోపు, ప్రతి ఆరు సాంపిల్స్‌కీ ఒక బ్రాకెటింగ్ స్టాండర్డ్ (మధ్యమధ్యలో మళ్లీ ఇంజెక్ట్ చేసేది), రెండో తూకం నుంచి ఒక చెక్ స్టాండర్డ్ ఉంటే చాలు. 80 మి.గ్రా. బలానికి దాని సొంత నిష్పత్తిలో వేరే స్టాండర్డ్ చేసుకోండి, లేదా టెల్మిసార్టాన్ పరిధిని 160 కాదు, దాని 120 శాతమైన 192 దాకా నిరూపించండి.

ఒక్క విషయం మర్చిపోకండి: ప్రోటోకాల్‌లో 50–150 అని ముందే సంతకాలైపోయి ఉంటే, వంపు కనిపించిందని ఇప్పుడు 150 శాతం బిందువుని తీసేసి గ్రాఫ్ మళ్లీ గీయకూడదు. ఉన్న డేటాని అలాగే ఉంచి డీవియేషన్ (ప్రోటోకాల్ తప్పిందన్న నివేదిక) రాయండి, 5, 10 మైక్రోలీటర్ల ఇంజెక్షన్ ఫలితాన్ని కారణంగా జతచేయండి, మార్చిన ఇంజెక్షన్ వాల్యూమ్‌తో కొత్త ప్రోటోకాల్ వెర్షన్ మీద మొత్తం లీనియారిటీ మళ్లీ చేయండి. తొమ్మిది ద్రావణాల ఏరియాలు వచ్చాక ఇక్కడ పెడితే, కోఎఫిషియంట్ల హద్దులు కలిసి చూద్దాం.